పాస్టర్లు పోటీ చేయకూడదా?

సంపాదకులకు,

మత బోధకులను, ముఖ్యంగా పాస్టర్లను, ఎన్నికల్లో నిలబడనివ్వకుండా చట్టం తేవాలని మీ పత్రికలో ఇటీవల ఒక పాఠకుడు రాశారు. ఆయన కోపం నాకు తెలియనిది కాదు. ఆదివారం వాక్యం చెప్పి, సోమవారం అభ్యర్థిని వెంటబెట్టుకుని తిరిగే పెద్దమనుషులను మన విశాఖలో అందరం చూస్తూనే ఉన్నాం. వాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. అయినా ఆయన అడిగిన నిషేధం రాజ్యాంగ సభ నాటికే ఉండి ఉంటే దేశం ఏం పోగొట్టుకునేదో ఒక ఉదాహరణతో చెప్పాలని ఈ ఉత్తరం.

ముందు నా సంగతి. నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చాలా కాలం పాడేరు, అనంతగిరి వైపు భూబదలాయింపు కేసుల ఫైళ్లతోనే గడిచింది. నేను క్రైస్తవుణ్ణి కాను. చందనోత్సవం నాడు సింహాచలం క్యూలో నిలబడేవాణ్ణి. ఈ మాట ముందే చెప్పకపోతే ఉత్తరం సగం చదివేసరికి నా మతం మీద విచారణ మొదలవుతుంది.

చట్టం లేదనడం కూడా సరికాదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 123వ సెక్షన్ చూడండి. ఫలానా వారికి ఓటు వేయకపోతే దైవాగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించబోవడం అందులో అక్రమమే. మతం పేరుతో ఓటు అడగడమూ అక్రమమే. 2017లో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీని పరిధిని ఇంకా విస్తరించి, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనంది. అంటే మన చట్టం మనిషి వేసుకున్న అంగీని పట్టించుకోదు, ఆడిన మాటను పట్టుకుంటుంది. బ్రిటన్‌లో అంగీని పట్టించుకున్నారు. ఆంగ్లికన్ మతాచార్యులు కామన్స్ సభలో కూర్చోవడానికి వీల్లేని నిబంధన అక్కడ 2001 దాకా నడిచింది. ఎన్నికల్లో గెలిచి వచ్చిన ఒక ఐర్లాండ్ పాదిరీని 1950లో సభ నుంచి పంపించేశారు కూడా. చివరికి ఆ చట్టాన్ని వాళ్లే తీసేసుకున్నారు.

ఇక అసలు మనిషి. రెవరెండ్ జేమ్స్ జాయ్ మోహన్ నికల్స్ రాయ్. 1884లో ఖాసీ కొండల్లో పుట్టారు. చర్చ్ ఆఫ్ గాడ్ అనే ప్రొటెస్టెంట్ శాఖకు బోధకుడు. అమెరికన్ మిషనరీ ఎవలిన్ నికల్స్‌ను పెళ్లాడి, ఆవిడ ఇంటిపేరును తన పేరులో కలుపుకున్నారు. (మన ఊళ్లలో ఇప్పుడైనా ఎందరు చేస్తారు ఆ పని?) అస్సాం రాజకీయాల్లోకి వచ్చి, శాసనసభ్యుడై, స్వాతంత్ర్యానికి ముందూ తర్వాతా మంత్రిగా ఉన్నారు. 1959లో మరణించారు. ఇంతవరకే అయితే ఆయన గురించి ఉత్తరం రాయనక్కర్లేదు.

గోపీనాథ్ బార్డొలాయ్ అధ్యక్షతన రాజ్యాంగ సభ వేసిన ఉపసంఘంలో ఈయన సభ్యుడు. ఈశాన్య కొండ ప్రాంతాలను ఎలా పాలించాలో తేల్చే పని దానిది. ఆ కొండ ప్రాంతాలకు ఎన్నికైన జిల్లా మండళ్లనిచ్చే రాజ్యాంగంలోని ఆరో షెడ్యూలు ఆ సంఘం సిఫారసుల నుంచే వచ్చింది. 1949 సెప్టెంబరులో అది చర్చకు వచ్చినప్పుడు అస్సాంకే చెందిన కులధర్ చలిహా లేచి, ఇది ఇంకో పాకిస్తాన్‌కు దారి తీస్తుందన్నారు. దేశ విభజన జరిగి రెండేళ్లే అయిన రోజులవి. ఆ మాట పడ్డవాడు పాదిరీ కూడా అయితే సభ ఎలా చూస్తుందో ఊహించుకోవచ్చు. నికల్స్ రాయ్ తన మతాన్ని అడ్డం పెట్టుకోలేదు. మా కొండల్లో రాజు కూడా కూలీలతో కలిసి పొలంలో దిగుతాడు, కలిసి తింటాడు, ఆ సమానత్వం మీ దగ్గర లేదు, కాబట్టి ఎవరు ఎవరి సంస్కృతిలో కలవాలో ఆలోచించండి అనే ధోరణిలో మాట్లాడారు. ఆరో షెడ్యూలును మొదటి నుంచి చివరిదాకా చదివినా చర్చి అన్న మాట కనబడదు. జిల్లా మండళ్లు, భూమి, అడవి, వారసత్వం, గ్రామ న్యాయస్థానాలు, ఇవే ఉంటాయి.

ఇది మనకెందుకు అనేవారికి. మన ఏజెన్సీ, అంటే అరకు, పాడేరు వైపు గిరిజన ప్రాంతం, రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కింద ఉంది. ఇతర ప్రాంతాల గిరిజనులు చుట్టూ ఉన్న మెజారిటీ సంస్కృతిలో చాలావరకు కలిసిపోయారనీ, అస్సాం కొండవాసుల మూలాలు ఇంకా వాళ్ల సొంత సంస్కృతిలోనే ఉన్నాయనీ, అందుకే ఈ తేడా అనీ అంబేద్కర్ ఆ సభలో వివరించారు. ఫలితం ఏమిటంటే, అక్కడ ఎన్నికైన జిల్లా మండలి భూమి మీద తానే చట్టం చేయగలదు. ఇక్కడ ఉన్నది గిరిజన సలహా మండలి. గరిష్ఠంగా ఇరవై మంది సభ్యులు, గవర్నరు అడిగిన విషయం మీద సలహా చెప్పడం వరకే వారి పని. మనల్ని కాపాడినవి ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదనే 1/70 నిబంధన, ఆ తర్వాత 1997లో బొర్రా పరిసరాల గనుల లీజుల మీద, అలాంటి లీజులు గిరిజనేతరులకు ఇవ్వకూడదంటూ సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు. 1/70 ఉన్నా బినామీలు ఆగలేదన్నది ఆ ఫైళ్లు ముట్టుకున్న ప్రతి గుమాస్తాకూ తెలుసు. కొండమీద గిరిజన స్త్రీ పేరుతో లాడ్జి కడతారు, తాళంచెవి మాత్రం మైదానంలో ఉంటుంది.

ఆరో షెడ్యూలు మండళ్లు మచ్చలేనివని నేను అనను. మేఘాలయలో ఎలుక బొరియల్లాంటి బొగ్గు గనులు కూలీలను మింగుతుంటే ఆపమని 2014లో హరిత ట్రైబ్యునల్ చెప్పవలసి వచ్చింది. అధికారం స్థానికుల చేతికొస్తే స్థానిక షావుకార్లూ పుట్టుకొస్తారు. అయినా ఆ తప్పులు వాళ్లు ఎన్నుకున్నవాళ్లు చేసినవి. ఐదేళ్లకోసారి నిలదీయవచ్చు. లడఖ్ జనం చలిలో నిరాహార దీక్షలకు కూర్చుని అడిగింది కూడా ఈ షెడ్యూలునే. దాన్ని రాసినవారిలో ఒక పాదిరీ ఉన్నాడని వాళ్లెవరూ దూరం పెట్టలేదు.

మీ ఏజెన్సీ వార్తల విలేకరికి ఒక మనవి. ఈసారి అరకు, పాడేరు స్థానాల్లో ఎవరు నామినేషను వేసినా, పాస్టరు కానివ్వండి, స్వామీజీ కానివ్వండి, కాంట్రాక్టరు కానివ్వండి, 1/70ను సడలించాలన్న ప్రతిపాదన సలహా మండలి ముందుకు వస్తే ఏ పక్షాన నిలబడతారో రాతపూర్వకంగా అడగండి. జవాబులు అచ్చు వేయండి. జవాబివ్వని వారి పేర్లు కూడా వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు,
మర్రిపాలెం, విశాఖపట్నం