జవాబు ఇవ్వదలచుకోలేదు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు నువ్వు ఏమన్నా పడతాను. పరీక్ష పేపర్లు దిద్దడం, అమ్మకు కంటి ఆపరేషన్, ఇల్లు మారడం ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. అమ్మకు ఇప్పుడు చూపు బాగానే ఉంది, మేమందరం కులాసా. ఇంటి కబుర్లు ఇంతటితో సరి. ఈ రాత్రి కాగితం ముందు కూర్చోవడానికి అసలు కారణం వేరే ఉంది, అది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

ఈ ఏడాది మొదటి సంవత్సరం విద్యార్థులకు వైద్యనీతి చరిత్ర చెప్పే పని నా నెత్తిన పడింది. మనకు ఆ పాఠం ఎలా జరిగిందో గుర్తుంది కదా? హిప్పోక్రటీస్ ప్రమాణం ఒక్కసారి గొంతెత్తి చదివించి, హాజరు తీసుకుని పంపేశారు. ఆ నీతిపాఠానికి నా హాజరు కూడా నువ్వే పలికావన్న సంగతి పిల్లలకు చెప్పలేదులే.

పాఠం కోసం ఆ ప్రమాణాన్ని మళ్ళీ చదివాను. రోగికి కీడు చేయనని, ఇంటి గుట్టు బయటపెట్టనని ఉంది గాని, రోగిని అడిగి చేయాలన్న మాట ఎక్కడా లేదు. చరకసంహితలో విమానస్థానమనే భాగంలో శిష్యుడికి చేసే ఉపదేశం అంతకంటే ఆర్ద్రంగా ఉంటుంది, తన ప్రాణం మీదికి వచ్చినా రోగికి ద్రోహం తలపెట్టవద్దంటుంది. అదే ఉపదేశం రాజు ద్వేషించేవారికి మందు ఇవ్వవద్దని కూడా అంటుంది. 1803లో మాంచెస్టర్ వైద్యుడు థామస్ పెర్సివల్ ‘మెడికల్ ఎథిక్స్’ అనే పేరుతోనే పుస్తకం రాశాడు గాని, అందులో చాలా భాగం వైద్యులు ఒకరితో ఒకరు ఎలా మెలగాలన్నదే. సరే, ఇదంతా నీకు ఆవులింతలు తెప్పించే సరుకు. అసలు విషయానికి వస్తాను.

టస్కీగీ అధ్యయనం గురించి మనం చదివింది రెండే ముక్కలు. 1932లో అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం అలబామా రాష్ట్రంలో టస్కీగీ పట్టణం ఉన్న మేకన్ కౌంటీలో 600 మంది నల్లజాతి పురుషులను ఎంచుకుంది. వారిలో 399 మందికి సిఫిలిస్, అంటే పాతకాలం వాళ్ళు సవాయి అనే జబ్బు, ఉంది. 201 మందికి లేదు. చికిత్స చేయకుండా వదిలేస్తే ఆ జబ్బు ఎలా ముదురుతుందో చూడడమే ఉద్దేశం. ఎక్కువ మంది ఇతరుల భూమిని పాలుకు దున్నుకునే పేదలు. వాళ్ళకు జబ్బు పేరు చెప్పలేదు, ‘చెడు రక్తం’ అన్నారు. వెన్నులో సూది గుచ్చి నీరు తీయడానికి పిలుస్తూ, ప్రత్యేకమైన ఉచిత చికిత్సకు ఇదే చివరి అవకాశమని కబురు పెట్టారు. చనిపోతే ఖననానికయ్యే ఖర్చు ఇస్తామన్నారు, బదులుగా శవపరీక్షకు ఒప్పుకోమన్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో వీళ్ళలో కొందరిని సైన్యంలోకి పిలిస్తే అక్కడ ఎక్కడ వైద్యం దొరుకుతుందోనని, వీళ్ళకు చికిత్స చేయవద్దంటూ భర్తీ మండలికి పేర్ల జాబితా ఇచ్చారు. 1947 నాటికి ఈ జబ్బుకు పెన్సిలిన్ అందరూ వాడే మందు అయిపోయింది. వీళ్ళకు మాత్రం అందలేదు.

నేను ఇన్నాళ్ళూ ఇదంతా గుట్టుగా జరిగిందనుకున్నాను. కాదు! 1936 నుంచి వైద్యపత్రికల్లో వ్యాసాలు అచ్చవుతూనే వచ్చాయి. 1964 డిసెంబరులో వచ్చిన వ్యాసానికి ‘చికిత్స చేయని సిఫిలిస్‌పై టస్కీగీ అధ్యయనం’ అన్న అర్థం వచ్చే శీర్షికే పెట్టి, ముప్పయ్యో ఏటి పరిశీలన అని కూడా చేర్చారు. ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీలో మానవ ప్రయోగాల మీద ప్రకటన చేసి అప్పటికి ఆరు నెలలే అయింది. వేలమంది వైద్యులు ఆ సంచిక తిరగేసి ఉంటారు. వాళ్ళలో ఇర్విన్ షాట్జ్ అనే హృద్రోగ వైద్యుడు, వైద్యవృత్తిలోకి వచ్చి ఎన్నో ఏళ్ళు కానివాడు, డెట్రాయిట్ నుంచి 1965లో వ్యాసకర్తలకు ఒక ఉత్తరం రాశాడు. నిండా పేజీ కూడా లేదు. మంచి మందు చేతిలో ఉండగా, ప్రాణం తీయగల జబ్బుతో ఉన్నవాళ్ళను వైద్యులే వదిలేయడం చూసి నివ్వెరపోయానన్నాడు. ఆ పరిశీలనలో దొరికే సమాచారం వాళ్ళ బలికి తగినదేనని మీరు అనుకుంటున్నట్టున్నారు, అదే అయితే మీ నైతిక నిర్ణయాలను మీరు మళ్ళీ తూచుకోవాలన్నాడు. అంతే.

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. వ్యాసకర్తల్లో ఒకరైన ఆన్ యోబ్స్ అనే వైద్యురాలు దానికి ఒక చీటీ జతచేసి ఫైలులో పెట్టేసింది. 1972లో ఒక విలేకరి దాన్ని బయటికి తీశాడు. ఇలాంటి ఉత్తరం తమకు రావడం ఇదే మొదటిసారి అని ఆ చీటీలో ఉంది, దీనికి జవాబు ఇవ్వదలచుకోలేదని కూడా ఉంది.

మిత్రమా, నన్ను పట్టుకుని వదలనిది ఆ చీటీయే. తీరిక లేదని రాయలేదు, అతను పొరబడ్డాడనీ రాయలేదు. 33 ఏళ్ళు నడిచిన పనికి ఇదే మొదటి అభ్యంతరమని తన చేత్తోనే నమోదు చేసి, ఆ వెంటనే ఫైలు మూసేసింది. నేను ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. చదివిన వేలమందిలో పేజీ తిప్పేసిన వాళ్ళందరి మీద పంచితే ఒక్కొక్కరికీ చిటికెడు కూడా రాలేదు. పైగా ఆ వేలమందిలో నేనుంటే ఏం చేసి ఉండేవాణ్ణో... ఆ సంగతి తరవాత చెబుతాను.

ఇంకో మాట మరిచిపోకముందే రాస్తాను. నాజీ వైద్యుల మీద న్యూరెంబర్గ్ విచారణ 1946 డిసెంబరులో మొదలైంది. ముద్దాయిలు 23 మంది, వాళ్ళలో 20 మంది వైద్యులు. 1947 ఆగస్టులో తీర్పుతో పాటు న్యాయమూర్తులు పది సూత్రాలు రాశారు. వాటిలో మొదటిది, మనిషి తనంత తాను ఇచ్చిన సమ్మతి లేనిదే ప్రయోగం చేయకూడదన్నది. ఆ న్యాయమూర్తులందరూ అమెరికన్లే. మేకన్ కౌంటీలో అదే ఏడాది ఏం జరుగుతున్నదో పైన రాశాను కదా. నియమాలు లేక జరిగిందనుకుందామా అంటే, జర్మనీలో 1931లోనే ప్రయోగాల మీద కట్టుదిట్టమైన ప్రభుత్వ మార్గదర్శకాలు ఉన్నాయి! ఇది చెప్పగానే ఒక విద్యార్థిని లేచి, “అయితే ఈ పాఠం మాకెందుకు సార్?” అని అడిగింది. నీళ్ళు నమిలాను. వచ్చేవారం చెబుతానన్నాను. ఏం చెప్పాలో నీకేమైనా తోస్తే రాయి.

ఆ అధ్యయనాన్ని ఆపించినవాడు వైద్యుడు కూడా కాడు. పీటర్ బక్స్టన్, శాన్ ఫ్రాన్సిస్కోలో సుఖరోగాల బాధితులను కలిసి వివరాలు సేకరించే ఉద్యోగి. 1966లో పై అధికారులకు రాశాడు. పిలిపించి చీవాట్లు పెట్టారు. 1968లో మళ్ళీ రాశాడు. 1969లో పెద్దలతో ఒక సమావేశం వేశారు, అది కూడా కొనసాగించడానికే మొగ్గింది. చివరికి అతను పాత్రికేయులను ఆశ్రయిస్తే, 1972 జూలై 25న వార్త అచ్చయ్యాక గాని అది ఆగలేదు. ప్రభుత్వం తరఫున క్షమాపణ 1997లో వచ్చింది, అప్పటి అధ్యక్షుడు క్లింటన్ నోట.

పైన తరవాత చెబుతానన్నది ఇదీ. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నువ్వు పచ్చసిరాతో రాసిన కాగితం నీకు గుర్తుండే ఉంటుంది. రెండో అంతస్తు మెట్ల మీద దాన్ని నీ చేతిలోంచి తీసుకుని, పరీక్షలయ్యాక చూద్దాంలే అని నా తెల్లకోటు జేబులో పెట్టుకున్నది నేనే. ఆ కోటు ఉతుక్కి వెళ్ళింది. నువ్వు మళ్ళీ అడగలేదు, నేనూ ఎత్తలేదు. మొన్న ఆ చీటీ గురించి చదువుతుంటే వేలికి పచ్చమరక అంటినట్టయింది. ఆ 14వ నంబరు మంచం మనిషి తరవాత...

వార్డు నుంచి రెండోసారి కబురు వచ్చింది, వెళ్ళాలి. ఆ కాగితంలో ఉన్నది నీకు జ్ఞాపకం ఉన్నంతవరకు మళ్ళీ రాసి పంపు. ఏ సిరా అయినా సరే.

ఇట్లు,
నువ్వు హాజరు పలికినవాడు