మన పెళ్లి వీడియోలో పక్కింటాయన

ఎడిటర్ గారికి నమస్కారం. మీ టీవీ పేజీలో కొత్త సీరియళ్ల గురించి చాలా రాస్తారు గానీ ఆఖరి ఎపిసోడ్ చెడిపోతే చూసినవాడి బాధ ఎవరూ రాయరు. నేనూ మా తమ్ముడూ ఈమధ్య ఇంట్లో కూర్చుని 'స్టార్ ట్రెక్: ఎంటర్‌ప్రైజ్' అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్ నాలుగు సీజన్లూ, 98 ఎపిసోడ్లూ చూసేశాం. నాలుగో సీజన్ భలే ఊపందుకుంది. తీరా 2005 మే 13న వచ్చిన ఆ చివరిది చూస్తే, అసలది ఈ సీరియల్ హీరో కెప్టెన్ ఆర్చర్ కథే కాదండీ! రెండు వందల ఏళ్ల తర్వాత, వేరే సీరియల్‌లోని రైకర్ తన ఓడలో హోలోడెక్ అనే గదిలో నిలబడి, కంప్యూటర్ ఆడించే బొమ్మల్లా ఆర్చర్ బృందాన్ని చూస్తుంటాడు. మన పెళ్లి వీడియో నిండా పక్కింటాయనే కనిపించినట్టు. ఇంజనీర్ ట్రిప్‌ని హడావుడిగా చంపేశారు (మా తమ్ముడు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు). అంతకన్నా కోపం వచ్చిందేమిటంటే, ఆర్చర్ ఫెడరేషన్ (గ్రహాల కూటమి) కోసం ఇచ్చే ప్రసంగం కోసం అంతసేపు ఎదురుచూస్తే, అతను నోరు విప్పకముందే రైకర్ ప్రోగ్రాం ఆపేసి వెళ్లిపోయాడు. ఇది అభిమానులకు ప్రేమకానుక అని తీసినవాళ్లు అన్నారు. రాసిన ఇద్దరిలో ఒకరైన బ్రానన్ బ్రాగా తర్వాత విచారపడ్డారు కూడా.

ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు