మన చర్మంపై పరీక్షించాకే ఆ యంత్రాలు రావాలి

సంపాదకులకు నమస్కారం.

2021 మే నెలలో మా పెదనాన్నకు కోవిడ్ వచ్చింది. నలభై ఏళ్లు తెప్ప మీద వేటకెళ్లిన మనిషి, ఎండకీ ఉప్పుగాలికీ బాగా నల్లబడిన చర్మం. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని వెలుగుతో కొలిచే యంత్రం) 94 చూపిస్తోందని ఒక ఆసుపత్రిలో ఇంటికి పంపేశారు. మర్నాటికి ఆయాసం ఎక్కువైంది. ఇంకోచోట చేర్చి, ధమని నుంచి రక్తం తీసి చూస్తే 85. వేలి మీద యంత్రం అప్పుడు కూడా 93 అనే చెబుతోంది. పెదనాన్న బతికారు. ఆ రెండు అంకెల మధ్య తేడా మాత్రం ఫిజిక్స్ చెప్పే నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అది మా ఇంటి సంగతి మాత్రమే కాదు. 2020లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపిన రోగుల రక్తాన్ని పరీక్షించిన లెక్కలు తీశారు. అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్నవారు తెల్లవారిలో నూటికి 3.6 మంది, నల్లజాతివారిలో 11.7 మంది. చర్మానికి నల్లరంగునిచ్చే మెలనిన్ వెలుగును మింగేస్తుంది. ఆ సంగతి లెక్కలోకి సరిగా తీసుకోకపోతే అంకె తప్పుతుంది.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకంటే, వెలుగుతోనే పనిచేసే ఇంకో పద్ధతి ముందుకొస్తోంది. పేరు ఫోటోఅకౌస్టిక్ ఇమేజింగ్. ఎండెక్కగానే రేకుల ఇల్లు టప్ టప్‌మంటుంది కదా, అలాంటిదే. కొన్ని నానోసెకన్ల పాటు లేజర్ వెలుగు ఒంట్లోకి పంపితే రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ దాన్ని పీల్చుకుని రవ్వంత వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆ కదలికకు పుట్టే అల్ట్రాసౌండ్‌ను చర్మం పైనుంచి వింటారు. వెలుగుకు శబ్దం పుడుతుందని 1880లోనే గ్రాహంబెల్ గమనించాడు. వెలుగు ఒంట్లో కొద్దిదూరం వెళ్లగానే చెదిరిపోతుంది, శబ్దం అంతగా చెదరదు. అందుకే కొన్ని సెంటీమీటర్ల లోతున ఉన్న రక్తనాళాలు కూడా కనిపిస్తాయి. రొమ్ము గడ్డల పరీక్షకు ఇలాంటి ఒక యంత్రానికి 2021లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. కత్తి, సూది లేకుండా గడ్డ చుట్టూ రక్తం ఎలా ఉందో చూడగలగడం ఆడవాళ్లకు ఎంత మేలో వేరే చెప్పాలా!

చిక్కు కొలతలో ఉంది. వచ్చే శబ్దం రెండింటి మీద ఆధారపడుతుంది: కణజాలం వెలుగును ఎంత పీల్చుకుంటుంది, అసలు అక్కడిదాకా వెలుగు ఎంత చేరింది. రెండోది నేరుగా తెలియదు, అంచనా వేయాలి. నల్లని చర్మం పైపొరలోనే చాలా వెలుగు ఆగిపోతుంది, పైగా అక్కడే పెద్ద శబ్దం పుట్టి లోపలి బొమ్మను చెడగొడుతుంది. ఎక్కువ తరంగదైర్ఘ్యాల కంటే తక్కువ తరంగదైర్ఘ్యాల వెలుగును మెలనిన్ ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి, సరిదిద్దకపోతే ఆక్సిజన్ శాతం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. పెదనాన్న వేలి మీద జరిగిన తప్పే మళ్లీ, ఈసారి క్యాన్సర్ వార్డులో.

ఈ యంత్రాలను మన చర్మాల మీద పరీక్షించే పని విశాఖలోనే చేయొచ్చు. వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఇక్కడే ఉంది. ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు శ్రీకాకుళం నుంచి, మన్యం నుంచి అన్ని రంగుల మనుషులూ వస్తారు. అగనంపూడిలో క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. భౌతిక శాస్త్రవేత్త భగవంతం గారు వాల్తేరులో వెలుగునూ అల్ట్రాసౌండ్‌నూ కలిపి పరిశోధించిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఈ నలుగురూ ఒకచోట కూర్చోవాలి. ఆక్సీమీటరైనా, రేపు కొనే ఫోటోఅకౌస్టిక్ యంత్రమైనా, ఎలాంటి రంగు చర్మాల మీద, ఎంతమందిపై పరీక్షించారో పెట్టె మీద తెలుగులో రాయించాలి. అది రాయని యంత్రాన్ని ప్రభుత్వ సొమ్ముతో కొనకూడదని ఆరోగ్యశాఖ ఉత్తర్వు ఇవ్వాలి.

పరీక్షకు మనుషులు దొరకరని మాత్రం ఎవరూ అనొద్దు. చేయి చాపడానికి మా పేట నుంచి ఎంతమంది కావాలన్నా నేను మాట్లాడి తీసుకొస్తాను.

– ఒక ఫిజిక్స్ అధ్యాపకురాలు,
పెదజాలారిపేట, విశాఖపట్నం