వార్షిక నివేదిక: గాలిమర చూసి వచ్చిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, దీపావళి వేడుకలు ఎప్పటిలాగే జరిగాయి. ఫోటోలు చూసే ఉంటారు. జమాఖర్చులు కోశాధికారి సభలో చదువుతారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు జులై విహారయాత్రకు ఇచ్చాను. ఇది పూర్తిగా కార్యదర్శి పక్షపాతమే.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరా బాలాజీ గుడికి ఏళ్లుగా వెళ్తున్నాం. అక్కడికి కాస్త దూరంలో, జెనీవా అనే ఊళ్లో ఫాక్స్ నది తూర్పు ఒడ్డున, పార్కులో 68 అడుగుల చెక్క గాలిమర ఉందని మనలో చాలామందికి తెలియదు. అద్దె బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. పులిహోర దారిలోనే ఖాళీ అయింది.

చూసినవాళ్లంతా దాన్ని డచ్ మర అంటారు. 1870ల చివరికి దాన్ని కట్టి నిలబెట్టింది మాత్రం జర్మన్ పనివాళ్లు. అదీ ఇక్కడ కాదు, లొంబార్డ్‌లో, ఇప్పుడు యార్క్‌టౌన్ షాపింగ్ మాల్ ఉన్నచోట. మూలపడిన మరను 1914లో జార్జ్ ఫేబియన్ అనే ధనవంతుడు సుమారు 8 వేల డాలర్లకు కొని, విప్పించి, నది ఒడ్డున తన ఎస్టేటులో మళ్లీ కట్టించాడు. ఆ పనికైన ఖర్చు సుమారు 75 వేలు! ఈ లెక్క విన్నాక మన కోశాధికారి చాలాసేపు మాట్లాడలేదు. రహస్య లిపులను ఛేదించడంలో పేరుపొందిన విలియం, ఎలిజబెత్ ఫ్రీడ్‌మన్ దంపతులు ఆ విద్య నేర్చింది ఈ ఎస్టేటులోనే అని తెలిసి మన కుర్రాళ్లు అక్కడే ఆగిపోయారు.

గాలి దిశ మారితే మర మొత్తం తిరగదు; నెత్తిమీది టోపీ ఒక్కటే రెక్కలతో సహా తిరుగుతుంది. లోపల ఉన్నది మన తిరగలే, కాకపోతే రాక్షస తిరగలి. కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. ఒక సభ్యురాలి అత్తగారు వంగి చూసి, "వీటికి గంట్లు ఎవరు కొడతారమ్మా?" అని అడిగారు. ఆ రోజు వచ్చిన ప్రశ్నల్లో అంతకు మించినది లేదు. గంట్లు, అంటే రాయి మీద చెక్కిన గాళ్లు, అరిగితే రాయి గింజను కోయదు, నలిపి పిండిని వేడెక్కిస్తుంది.

1980లో అమెరికా తపాలా శాఖ విడుదల చేసిన ఐదు గాలిమరల బిళ్లల్లో ఇదీ ఒకటి. ఉపాధ్యక్షులు తమ ఆల్బమ్ తెచ్చి చూపించారు. బిళ్ల మీద 'ఇల్లినాయ్ 1860' అని ఉంది! కట్టక ముందటి ఏడాది బిళ్ల మీదికెలా ఎక్కిందన్న వాదన ఇంటికి చేరేదాకా సాగింది.

వచ్చే యాత్రకు బస్సు వేరేచోట మాట్లాడాలనీ, పులిహోర రెండింతలు కలపాలనీ కార్యవర్గం తీర్మానించింది.

కార్యదర్శి