నగరవనంలో పిల్లల ఆటస్థలం: అటవీ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ అధికారి గారికి నమస్కారం.

మా ఊరి శివారు నగరవనంలో కానుగ చెట్లు కొట్టి, సిమెంటు గచ్చు మీద బిగించిన ఇనుప జారుడుబల్ల గురించి మూడుసార్లు అర్జీ పెట్టుకున్నా జవాబు రానందున, ఇలా నలుగురి ముందూ రాస్తున్నాను. మే నెలలో ఆ రేకు మీద జారి మా మనవరాలి తొడలు బొబ్బలెక్కాయి. 2020లో కేంద్రం నగరవన పథకం తెచ్చింది పట్టణాలవారికి అడవిని చేరువ చేయడానికే కదా, గచ్చును కాదు. గాలివానకు కూలిన వేప మొద్దు ఒకటి గేటు పక్కన పడి ఉంది. నిజానికి పిల్లలంతా ఎక్కి ఆడేది దాని మీదే.

దయచేసి ఆ గచ్చు తవ్వించి, మొద్దుకు చీలికలు, చెదలు లేవని చూసుకుని కదలకుండా నేలలో కొంత పాతించి, చుట్టూ అడుగు లోతున ఇసుక పోయించి, పక్షులు గూళ్లు కట్టే పొదలకు దూరంగా ఆటస్థలం ఏర్పాటు చేయించవలసిందిగా, వేసవి సెలవులలోపు లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తాతయ్య