అద్దం చూడని ఇండికేటర్

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ నుంచి మిర్యాలగూడ వెళ్లే రహదారిపై, తిప్పర్తి దాటాక, రెండు వారాల క్రితం నా ముందు పోతున్న కారు డివైడర్ సందు దగ్గర ఉన్నట్టుండి కుడికి తిరిగింది. ఇండికేటర్ వెలగడం, బండి తిరగడం ఒకేసారి జరిగాయి. డివైడర్ పక్కగా ఆ కారును దాటబోతున్న మోటారు సైకిల్ బ్రేకు వేసి జారిపడింది. నడుపుతున్న యువకుడికి మోచేయి చెక్కుకుపోవడంతో సరిపోయింది. కారు దిగిన పెద్దమనిషి మాత్రం, "ఇండికేటర్ ఏసిన గద!" అన్నాడు.

ఇండికేటర్ వేస్తే దారి తనదే అయిపోయినట్టు మనలో చాలామంది నమ్ముతున్నారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు వస్తుంది కనుక, వెనకవారు ఆ దీపాన్ని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి వ్యవధి ఉండాలి. ముందు లోపలి అద్దం, ఆపైన తిరగబోయే వైపు అద్దం చూసి, మలుపుకు చాలా ముందే ఇండికేటర్ వేసి, స్టీరింగ్ తిప్పే ముందు మరోసారి అద్దంలోకీ, భుజం మీదుగా పక్కకూ చూడాలి. ఎందుకంటే వెనక తలుపు పక్కకు చేరిన బైకు ఒక్కోసారి ఏ అద్దంలోనూ కనిపించదు. ఎడమ అద్దం సాధారణంగా కుంభాకారంగా ఉంటుంది కాబట్టి దగ్గరి బండిని కూడా దూరంగా ఉన్నట్టు చూపుతుంది.

అసలు ఆ అద్దమే మడిచి ఉంటే? ప్రకాశం బజారు ఇరుకులో గీసుకుపోతుందని మడిచినదాన్ని హైవే ఎక్కాక కూడా విప్పని కార్లు తరచూ కనిపిస్తాయి (నేనూ ఒకసారి నార్కట్‌పల్లి దాకా అలాగే పోయాను). కూడలిలో నేరుగా పోవడానికి నాలుగు దీపాలూ వెలిగించడం ఇంకో పొరపాటు: పక్క నుంచి వచ్చేవారికి ఒకవైపు దీపమే కనబడి, ఆ బండి తమ వైపు తిరుగుతుందనుకుంటారు.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 15వ నియమం, లైసెన్సు పరీక్షలో అభ్యర్థి చేసి చూపవలసిన పనుల్లో అద్దం సరిచేసుకోవడాన్ని మొట్టమొదట పెట్టింది. సంకేతమిచ్చి వరుస మారడాన్నీ చేర్చింది. నేను నేర్చుకున్న శిక్షణ కేంద్రంలో మాత్రం ఇరవై రోజులూ క్లచ్, గేరు, 8 ఆకారపు ట్రాకు తప్ప వేరే మాట లేదు; లోపలి అద్దం నేర్పేవారి వైపే తిరిగి ఉండేది. పరీక్షలో అద్దం చూడకుండా బండి తిప్పినవారిని, 8 ఎంత చక్కగా వేసినా సరే, రవాణా శాఖవారు ఆ రోజుకు వెనక్కి పంపాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, నల్లగొండ