మెల్విన్ సరస్సు వాగుల గురించి మంత్రిగారికి ఒక విన్నపం

ఐర్లండ్ వ్యవసాయ, ఆహార, సముద్ర వ్యవహారాల శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను స్లైగోలో ఉంటున్న తెలుగువాణ్ణి. సెలవు దొరికితే చాలు, లీట్రిమ్ కౌంటీలోని కిన్‌లాక్ వెళ్లిపోతాను. మెల్విన్ సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. ఐరిష్‌లో ఆ పేరుకు అర్థమే ‘సరస్సు తల’.

గిల్లరూ ట్రౌట్ అనే చేపను మొదటిసారి అక్కడే ఒక పెద్దాయన పడవలో చూశాను. బంగారు రంగు ఒళ్లు, దాని మీద కుంకుమ చల్లినట్టు ఎర్రటి చుక్కలు. ఆయన దాన్ని కోసి పొట్ట నా చేతిలో పెట్టాడు. కోడి కందనకాయలా గట్టిగా ఉంది. వేలితో నొక్కితే లోపల నత్తగుల్లలు గరగరలాడాయి. ఒడ్డు దగ్గరి నత్తలు తిని బతికే చేప కాబట్టి పొట్ట గోడ అంత మందం.

అదే సరస్సులో నల్ల రెక్కల సోనగన్ నడినీళ్లలో తిరుగుతూ సన్నటి నీటిపురుగులు తింటుంది. ఫెరాక్స్ లోతుల్లో ఉండి సాటి చేపల్ని వేటాడుతుంది. మూడూ ట్రౌట్లే. అయినా ఒకదానితో ఒకటి కలవకుండా వేటి వంశం వాటిదిగా నిలిచాయని బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఆండ్రూ ఫెర్గూసన్, ఆయన సహచరులు జన్యు పరీక్షల్లో తేల్చారు. గుడ్లు పెట్టే చోట్లు వేరు కావడమే ఇందుకు ముఖ్య కారణం. గిల్లరూ సరస్సులోంచి బయటికి పారే డ్రౌజ్ నదిలోకి దిగుతుంది. సోనగన్ సరస్సులో కలిసే చిన్న వాగులు ఎక్కుతుంది. ఫెరాక్స్ ముఖ్యంగా గ్లెనానిఫ్ నది కింది భాగాన్నే నమ్ముకుంది. ఆ ఒక్క నది పాడైతే ఫెరాక్స్ ఎక్కడికి పోవాలి?

1588లో స్పెయిన్ నౌకాదళం ఓడలు కొన్ని ఈ తీరంలో పగిలిపోయినప్పుడు కెప్టెన్ ఫ్రాన్సిస్కో దె కువెయార్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఈ సరస్సు దగ్గరికే చేరాడు. మక్‌క్లాన్సీ దొర కోట రాస్‌క్లాహర్‌లో తలదాచుకున్నాడు. ఇంగ్లీషు సైన్యం వచ్చినా చుట్టూ నీళ్లూ బురదా ఉండడంతో 17 రోజులు కాచుకుని వెనుదిరిగిందని తన ఉత్తరంలో రాశాడు. ఆ కోట శిథిలాలు ఇప్పటికీ నీళ్ల మధ్యే ఉన్నాయి. ఆ చేపలు ఆయన కంటే ఎన్నో వేల ఏళ్ల ముందు నుంచీ అక్కడ ఉన్నాయి.

ఇప్పుడు టెన్షన్ అంతా నీళ్లను పాడుచేసే ఫాస్ఫరస్‌తో, కొట్టుకొచ్చే మట్టితోనే. పొలాల్లో చల్లే పేడనీళ్లు, ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు, పీట్ నేలల (సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడిన బురదనేలల) మీద కలప కోసం పెంచిన సిట్కా స్ప్రూస్ చెట్ల తోటలు, అన్నిటి నుంచీ ఫాస్ఫరస్ వాగుల్లోకే చేరుతుంది. చెట్లు నరికినప్పుడు మట్టి కొట్టుకొచ్చి వాగు అడుగున గులకరాళ్ల సందులు పూడుకుపోతాయి. ఆ సందుల్లోనే కదా గుడ్లుండేది! గాలి ఆడక అవి అక్కడే చచ్చిపోతాయి.

అయ్యా, చెట్లు నరకడానికి లైసెన్సులిచ్చేది మీ శాఖే. మెల్విన్‌లో కలిసే వాగుల పక్కన నరికేటప్పుడు గట్టు వెంట వెడల్పాటి నేల పట్టీని ముట్టుకోకుండా వదలాలనీ, చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఆ చుట్టుపక్కల పని ఆపాలనీ షరతు పెట్టండి. పశువులు వాగులో దిగకుండా కంచె వేసుకునే రైతుకు ఖర్చు పూర్తిగా ఇవ్వండి. ఆ భారం అతని ఒక్కడి మీదే వేయడం న్యాయం కాదు. ఉత్తర ఐర్లండ్‌తో సరిహద్దు సరస్సులోంచే పోతుంది కాబట్టి అవతల ఫర్మానా కౌంటీ వైపు అధికారులతోనూ కూర్చోండి. రెండు వైపుల వాళ్లూ కలిసి 2008లోనే ఉమ్మడి ప్రణాళిక రాసుకున్నారు, కొత్తగా మొదలుపెట్టాల్సిన పని లేదు.

చలికాలం మొదలయ్యేసరికి సోనగన్‌లు వాగులెక్కుతాయి. ఆలోపే ఒకసారి కిన్‌లాక్ వచ్చి, గ్లెనానిఫ్ గట్టు మీద నిలబడి ఆ నీళ్లు చూడండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
స్లైగోలోని ఒక తెలుగువాడు